సఫ్‌లో పక్కన సరే, ఇంట్లో మాత్రం వద్దు

2024 రంజాన్ మొదటి వారం. తరావీహ్ అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే వెనక నుంచి సలాం వినబడింది. తిరిగి చూస్తే సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక కుర్రాడు. అయిదారు రోజులుగా నా పక్కనో, నా వెనక సఫ్‌లోనో నిలబడుతున్నవాడే. సూడాన్ నుంచి వచ్చి మా వైపు ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

"అన్నా, మీ ఇంటి ముందు బోర్డు చూశాను. మేడ మీద ఇంకా ఖాళీయేనా అండీ?"

తెలుగులోనే అడిగాడు. కాలేజీ క్యాంటీన్లో నేర్చుకున్న తెలుగు. ఆ చివర "అండీ" చూడండి, మన గోదావరి నీళ్లు తాగినవాడికి తప్ప రాదు.

నేనన్నాను కదా: "ఇంట్లో అడిగి చెప్తాను బాబూ."

ఈ జుమ్లా మీకూ తెలుసు. నాకైతే బాగా తెలుసు. డెస్క్ ఉద్యోగానికి మొదటిసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు నలభై రోజుల్లో పదకొండు ఇళ్లలో విన్నాను. తెలుగు బాగా మాట్లాడతాను, డిగ్రీ కూడా తెలుగులోనే చేశాను, గడ్డం లేదు. గది చూపిస్తారు, నీళ్లెప్పుడొస్తాయో చెప్తారు, టీ కూడా ఇస్తారు. ఆఖర్న "పేరేంటన్నారూ?" అంటారు. చెప్పగానే మొహం మీద ఏదో తలుపు మూసుకుంటుంది. "ఇంట్లో అడిగి చెప్తామండీ." ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. అడగడానికి ఏమీ ఉండదు.

ఆ మాట పద్దెనిమిదేళ్లకి నా నోట్లోంచే వచ్చింది. అదీ మసీదు మెట్ల మీద, వజూ తడి ఆరకముందే.

ఆ వారంలోనే, మార్చి 16 రాత్రి, అహ్మదాబాద్‌లో గుజరాత్ యూనివర్సిటీ హాస్టల్లో తరావీహ్ చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల మీద గుంపు పడింది. అఫ్గానిస్తాన్, ఉజ్బెకిస్తాన్, శ్రీలంక, ఆఫ్రికా పిల్లలు. మీకు గుర్తుండే ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపులు సహరీ దాకా నిద్రపోలేదు. "మెహమాన్ల మీద చెయ్యెత్తారు", "ముల్క్ ఇజ్జత్ పోయింది", "పరదేశీ పిల్లలు ఏం పాపం చేశారు" అని రాశాం. నేనూ రాశాను, మంచి పోస్టే రాశాను, షేర్లు కూడా బాగా వచ్చాయి. రాస్తున్నప్పుడు మేడ మీద గది ఖాళీగా ఉంది. ఆ అబ్బాయికి ఇంకా జవాబు చెప్పలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇక ముందు రాయబోయేది మీకు చేదుగా ఉంటుంది. "వీడెవడు మనకి సబఖ్ చెప్పడానికి" అంటారు. ఎవడో కాదు, మీలో ఒకడినే, ముందు నా జేబులోది బయట పెట్టాను.

ఇప్పుడు వినండి. రాజమండ్రి, కాకినాడ, సూరంపాలెం చుట్టుపక్కల కాలేజీలకి ఆఫ్రికా పిల్లలు వస్తున్నారు. 2018లో సర్కారే "స్టడీ ఇన్ ఇండియా" అని పథకం పెట్టి పిలుస్తోంది. హాస్టల్లో మెస్ తిండి పడనివాళ్లు, ఫీజు తట్టుకోలేనివాళ్లు, చివరి సంవత్సరం వాళ్లు బయట గదులు వెతుక్కుంటారు. వాళ్లలో ముస్లిం పిల్లలు సహజంగా ఎటు వస్తారు? అజాన్ వినబడే వైపు వస్తారు. హలాల్ కొట్టు ఉన్న సందు వైపు వస్తారు. "ఇక్కడ మనవాళ్లున్నారు" అనుకుని వస్తారు.

మనవాళ్లు ఏమంటున్నారు? పెద్దమనిషి ఒకాయన, రెండుసార్లు హజ్ చేసి వచ్చినాయన, నాతో అన్న మాట ఇది: "అరె మియాఁ, హబ్షీ లోగాఁ హైఁ, అప్‌నే కో కాయ్‌కు?" అదే నోటితో అదే ఆయన ప్రతి మిలాద్ జల్సాలో హజ్రత్ బిలాల్ రజియల్లాహు అన్హు కిస్సా చెప్పి కన్నీళ్లు పెట్టుకుంటారు. బిలాల్ ఎవరు సాబ్? హబ్షీ. మక్కాలో మొదటి ముసల్మానుల మీద జుల్మ్ మితిమీరినప్పుడు సముద్రం దాటి ఎక్కడికి వెళ్లారు? హబ్షాకి. పనాహ్ ఇచ్చినవాడు ఎవరు? నజాషీ, హబ్షా బాద్‌షా, అప్పటికి ముసల్మాన్ కూడా కాదు, ఈసాయీ. ఆ కిస్సా మన పిల్లలకి నోటికొచ్చు. అయినా మన భాషలో "హబ్షీ" అనే లఫ్జ్ తిట్టు అయి కూర్చుంది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని ఒక మొహల్లా ఉంది. అది ఎయిర్ కండిషన్ ఏసీ కాదు, నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు. వాళ్ల ఔలాద్ ఇప్పటికీ అక్కడ ఉన్నారు, మన దక్ఖనీయే మాట్లాడతారు. అంటే మనకి వాళ్లు కొత్తవాళ్లు కూడా కాదు.

నల్లరంగు గురించి సిగ్గులేకుండా మాట్లాడుకుందాం. రిష్తా చూసేటప్పుడు "గోరీ లడ్కీ" అని అడిగే బిరాదరీ మనది. దూదేకుల వాళ్ల ఇంట్లో పిల్లనిస్తే పరువు పోతుందనుకునే షేక్‌లు, సయ్యద్‌లు ఇంకా ఉన్నారు. నమాజ్‌లో భుజం భుజం తాకాలని జమాత్ వాళ్లు సఫ్ సరిచేస్తారు. సలాం తిప్పగానే ఆ భుజం ఎవరిదో మర్చిపోతాం. ఆఖరి హజ్ ఖుత్బాలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం అరబ్బుకీ అజమ్‌కీ, తెల్లవాడికీ నల్లవాడికీ తఖ్వాలో తప్ప తేడా లేదన్నారని మనం ఎదుటివాళ్లకి దావత్ ఇచ్చేటప్పుడు గర్వంగా చెప్తాం. టులెట్ బోర్డు దగ్గర ఆ ఖుత్బా ఎక్కడికి పోతుంది?

సరే, బహానాలు ఒక్కొక్కటి చూద్దాం.

"పోలీసుల ఝంఝట్." ఉన్న మాట చెప్తాను. విదేశీయుడికి ఇల్లిచ్చిన వాడు, అది హోటల్ అయినా మామూలు ఇల్లయినా, 24 గంటల్లోపు ఆ సంగతి విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో తెలపాలి. సి-ఫారం అని అందరూ పిలిచేది అదే. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫోటో, ఇంటి అడ్రసు. 2025లో చట్టం మారింది కానీ ఇంటి యజమాని తెలపాలన్న బాధ్యత మారలేదు. పిల్లవాడి వీసా 180 రోజులకి మించినదైతే వచ్చిన 14 రోజుల్లో తన రిజిస్ట్రేషన్ తను చేసుకోవాలి, కాలేజీ తన లెక్క తను ఇవ్వాలి. మన ఇంట్లో పదో తరగతి చదివిన పిల్ల అరగంటలో నింపేస్తుంది. రేషన్ కార్డులో పేరు ఎక్కించడానికి ఎన్నిసార్లు తిరిగారో గుర్తు తెచ్చుకోండి, దానితో పోలిస్తే ఇది ఏమీ కాదు. చెయ్యకపోతే మాత్రం తప్పే, కేసు అవుతుంది. కాబట్టి చెయ్యండి. చేస్తే భయం దేనికి?

"డ్రగ్స్ అమ్ముతారు." ఇది విన్నప్పుడు నాకు నవ్వు రాదు, ఎందుకంటే ఈ మాట పుట్టించిన కార్ఖానాలో నేను పనిచేశాను. డెస్క్ మీద వార్త వచ్చేది, పట్టుబడినవాడిది ఏ దేశమో తెలిసేది కాదు, హెడ్డింగ్‌లో "నైజీరియన్" అని పెట్టేవాళ్లం. అక్షరాలు సరిపోయేవి మరి. అలాంటి కేసులు లేవనను. ఉన్నాయి. కానీ 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక మన కుర్రాళ్లని పట్టుకెళ్లి, హింసించి, తర్వాత బేగునాహ్ అని వదిలారు. ఆ తర్వాత చాలాకాలం వాళ్లకి ఇల్లెవడిచ్చాడు, నౌకరీ ఎవడిచ్చాడు? ఒకడి గునాహ్ మొత్తం ఖౌమ్‌కి అంటగడితే ఎలా ఉంటుందో మనకన్నా ఎవరికి తెలుసు? తెలిసీ అదే చేస్తున్నాం.

"కిరాయా ఎగ్గొట్టి పోతారు." ఒకడు మూడు నెలలు ఎగ్గొట్టి వెళ్లిన మాట నిజం, ఆ ఇంటాయన నాకు స్నేహితుడే. మా సొంత భాంజా బర్మింగ్‌హామ్‌లో రెండు నెలలది ఎగ్గొట్టాడు. ఆ సంగతి పెళ్లిళ్లలో జోకుగా చెప్తాడు.

ఇక అసలు మాట. "ఘర్ మేఁ జవాన్ బచ్చియాఁ హైఁ." దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ఇది మా అమ్మీ అన్న మాటే, ఆమె మాటకి మా ఇంట్లో ఇప్పటికీ అపీల్ లేదు. పరదా పాటించే ఇల్లు, కింద ఆడపిల్లలు, పైన పరాయి మగపిల్లలు. ఆలోచించాల్సిందే. కానీ ఆలోచన అంటే ఏమిటి? మెట్లు బయట నుంచి ఉన్నాయా, నీళ్ల ట్యాంకు దగ్గరకి వెళ్లే దారి ఎవరిది, డాబా మీద బట్టలు ఎప్పుడు ఆరేయాలి, ఇవి మాట్లాడుకోవడం. ఒక్క గదైతే వద్దనండి, ఎవరూ కాదనరు. మా పోర్షన్‌కి మెట్లు వీధి వైపు ఉన్నాయి, కింది తలుపుకీ దానికీ సంబంధమే లేదు. ఆ పోర్షన్‌లోనే, ఆ సూడాన్ అబ్బాయిని కాదన్న రెండు నెలలకి, బ్యాంకులో చేరిన ఇద్దరు పెళ్లికాని కుర్రాళ్లకి ఇచ్చాం. తెల్లగా ఉన్నారు, విజయనగరం వాళ్లు. అప్పుడు జవాన్ బచ్చియాఁ ఎవరికీ గుర్తు రాలేదు. అమ్మీకీ రాలేదు, నాకూ రాలేదు. పరదా సవాల్ అయితే ఇద్దరికీ ఒకటే అవ్వాలి. రంగును బట్టి మారితే అది పరదా కాదు, పరదా చాటున ఇంకేదో.

పైగా ఆడపిల్లలు కూడా వస్తున్నారు చదువుకి. హిజాబ్ వేసుకునే సోమాలీ, సూడానీ అమ్మాయిలు. ఘర్ మేఁ జవాన్ బచ్చియాఁ ఉన్న ఇంటికన్నా వాళ్లకి మంచి చోటు ఏది? వాళ్లకీ ఇదే జవాబు. అప్పుడు బహానా మారుతుంది: వంట వాసన. ఎండుచేపలూ, ఉప్పుచేపలూ వేయించే ఊరు మనది.

ఇచ్చేవాళ్లు లేరని కాదు. ఉన్నారు, వాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఊళ్లో వాడికి ఆరువేలు చెప్పే పోర్షన్ పరదేశీకి పదకొండు వేలు. కరెంటు యూనిట్‌కి ఇంటాయన పెట్టిన రేటు. అడ్వాన్సు వాపస్ రాదు. రసీదు లేదు. నలుగురికని ఇచ్చిన గదిలో ఎనిమిది మంది పడుకుంటారు. ఇచ్చిన ఇంటాయన దీన్ని ఎహసాన్ అంటాడు, నేను లూట్ అంటాను. హలాల్, హరాం చర్చ మాంసం కొట్టు దగ్గరే ఆగిపోతే ఎలా?

మనకి రెండు గొప్పలు ఉన్నాయి చూడండి. ఒకటి ముసల్మానుల మెహమాన్‌నవాజీ. రెండోది గోదారోళ్ల మర్యాద. ఈ రెండూ కలిసిన జాతి దునియాలో మనమొక్కళ్లమే కావచ్చు. మర్యాద సంగతే తీసుకుంటే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా, ఎవరని అడగకుండా అన్నం పెట్టారు. 1909లో పోయిన ఆవిడ పేరు ఈనాటికీ బడి భోజనానికి పెట్టుకున్నాం. ఇదే రాజమండ్రిలో పేద విద్యార్థులు వారాలు చెప్పుకుని చదువుకున్నారు: సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఒంగోలు నుంచి ఇక్కడికి రాగలిగింది ఒక మాస్టారు, ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు, వెంటబెట్టుకుని తెచ్చినందుకే. వారాల్లో కులం పట్టింపు ఉండేది, అది నాకు తెలుసు, దాన్ని పొగడడం లేదు. కానీ చదువుకోడానికి వచ్చినవాడి కడుపు ఊరి బాధ్యత అనే ఖయాల్ అయితే ఉండేది.

మన వైపు చూస్తే అంతకన్నా పాతది ఉంది. మస్జిదె నబవీ పక్కన అరుగు మీద ఉండి ఇల్మ్ నేర్చుకున్న అస్హాబె సుఫ్ఫా ఎవరు? ఇల్లూ వాకిలీ లేని పరదేశీ విద్యార్థులు. సహాబాలు వాళ్లని ఒకరిద్దరు చొప్పున ఇళ్లకి తీసుకెళ్లి తిండి పెట్టేవాళ్లు. ఇక హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ ఇల్లు. రెండంతస్తుల ఇల్లది. హుజూర్ కింద దిగారు, ఆయన కుటుంబం పైన ఉంది. ఒక రాత్రి పైన నీళ్ల కుండ పగిలితే, నీళ్లు కింద మెహమాన్ మీద కారతాయేమోనని మియాఁబీవీ ఇద్దరూ ఉన్న ఒక్క దుప్పటితో ఆ నీళ్లు అద్దేశారు. ఈ కిస్సా మా ఉర్దూ మీడియం బడిలో నాలుగో జమాత్‌లో ఉస్తాద్ చెప్పగా విన్నాను. ఇవాళ మనం అంతస్తు మీద అంతస్తు కట్టాం, కింద షాపు, పైన పోర్షన్, దాని పైన ఇంకో పోర్షన్. మార్బుల్ పరిచాం. మెహమాన్‌కి మాత్రం మెట్ల దగ్గరే జవాబు.

మనవాళ్లు ఎన్నడూ పరదేశీలు కాలేదా అంటే, ఈ జిల్లాల చరిత్ర అంతా అదే. కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా పోయారు మన తాతలు. రంగూన్‌లో తెలుగు కూలీని "కోరంగీ" అని పిలిచేవాళ్లు. ఊరి పేరు అక్కడ తిట్టు అయింది, మనం హబ్షాని చేసినట్టే. 1942లో జపాన్ వాళ్లొస్తే ఆ కోరంగీలు అడవుల్లో నడుచుకుంటూ, చచ్చినవాళ్లు చావగా వాపస్ వచ్చారు. నేడు కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి ఎన్ని ఇళ్ల ఆడవాళ్లు కువైత్‌లో, ఖతర్‌లో పరాయి ఇళ్ల వంటగదుల పక్కన నిద్రపోతున్నారు? మనం చదివించే పిల్లలు ఎక్కడున్నారు? మెల్‌బోర్న్, టొరంటో, డల్లాస్, బిష్కెక్. 2017 ఫిబ్రవరిలో అమెరికాలో కాన్సస్‌లో హైదరాబాదీ ఇంజినీర్‌ని "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపితే రాష్ట్రమంతా ఏడ్చింది. నెల తిరిగిందో లేదో, మార్చి ఆఖరున గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని మాల్‌లోకి తరిమి కుర్చీలతో కొట్టారు. అది వీడియోలో చూశాం, వేలు పైకి జరిపాం.

బిష్కెక్ అన్నాను కదా. 2024 మే 17 రాత్రి అక్కడ గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. మా ఖాలా మనవరాలు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం అక్కడ. ముగ్గురు అమ్మాయిలు ఒక ఫ్లాట్‌లో కిరాయికి ఉంటారు. రాత్రంతా ఇక్కడ ఖాలా ముసల్లా మీద, ఫోన్ పక్కన. తెల్లారాక కాల్ కలిసింది. ఇంటి మాలికిన్, డెబ్బై ఏళ్ల ముసలావిడ, రాత్రే కింద నుంచి వచ్చి లైట్లన్నీ ఆర్పించి, ముగ్గురినీ తన ఇంట్లోకి తీసుకెళ్లి తాళం వేసుకుందట. రొట్టె, చాయ్ ఇచ్చిందట. బయట ఎవరో అడిగితే నా ఇంట్లో ఎవరూ లేరు పో అందట. ఖాలా ఆ ముసలావిడకి రోజూ దువా చేస్తుంది, పేరు కూడా పలకడం రాదు.

ఈ మాట ఖాలా మా ఇంటికొచ్చి చెప్తుంటే అమ్మీ ఏడ్చింది. కాసేపాగి, ఎటో చూస్తూ, "వో సూడాన్ కా బచ్చా కహాఁ గయా రే?" అంది.

ఎక్కడికి పోతాడు. ఈద్ దాకా ఇఫ్తార్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఒకే పళ్లెంలో ఖర్జూరం తీసుకున్నాం, గంజి తాగాం. వాడు మళ్లీ గది మాట ఎత్తలేదు. అడగకపోవడంలోనే వాడి షరాఫత్ ఉంది, నా జిల్లత్ ఉంది. నీళ్ల మాట వచ్చినప్పుడు వాళ్ల ఊరు గురించి చెప్పాడు. జజీరా అట. తెల్ల నైలు, నీలి నైలు మధ్య నేల. జజీరా అంటే మన మాటలో లంకే. ఇంగ్లీషువాళ్లు 1925లో సెన్నార్ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వారు, పత్తి పండించారు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852ది. "అందుకే మీ ఊరు కాలువలు చూస్తే నాకు ఇల్లు గుర్తొస్తుంది అన్నా" అన్నాడు. వాళ్ల వైపు రంజాన్‌లో మగ్రిబ్ వేళకి పల్లెవాళ్లు హైవే మీదకొచ్చి బస్సులు, కార్లు ఆపేస్తారట. ముసాఫిర్లని దింపి, రోడ్డు పక్కన చాపలు పరిచి ఇఫ్తార్ చేయిస్తే గానీ వదలరట. దిగనంటే బతిమాలతారట. 2023 డిసెంబరులో జంగ్ వాళ్ల వద్ మదనీ దాకా వచ్చింది. అప్పటి నుంచి ఇంటి నుంచి పైసా లేదు, కొన్ని వారాలు ఫోన్ కూడా లేదు. నన్ను గది అడిగినప్పుడు వాడి హాల్ అది. నేను "ఇంట్లో అడిగి చెప్తాను" అన్నది అలాంటి వాడితో.

పోయిన సంవత్సరం చదువు అయిపోయి వెళ్లిపోయాడు. ఖైరో అని ఎవరో చెప్పారు. చివరి ఏడాది లాలాచెరువు వైపు ఒక షెడ్డు గదిలో ఏడుగురితో ఉన్నాడు.

మసీదు కమిటీ పెద్దలకి నా గుజారిష్. మీనార్‌కి రంగు వెయ్యడానికి చందా పుస్తకం ఉన్నట్టే, ఖాళీ పోర్షన్లకి ఒక రిజిస్టర్ పెట్టండి. ఎవరి ఇల్లు, మెట్లు ఎటు, కిరాయా ఎంత. ఊళ్లో వాడికి ఏ రేటో పరదేశీకీ అదే రేటు, కాగితం మీద. సి-ఫారం నింపడం తెలిసిన కుర్రాడిని ఒకరిని కూర్చోబెట్టండి. కుటుంబాలున్న ఇళ్లు అమ్మాయిలకి, విడి మెట్లున్నవి అబ్బాయిలకి. ముస్లిం పిల్లలకే అని రాయొద్దు. కాంగో నుంచి, టాంజానియా నుంచి వచ్చిన ఈసాయీ పిల్లలు కూడా పరదేశీలే, నజాషీ మనల్ని కల్మా అడిగి పనాహ్ ఇవ్వలేదు. రిజిస్టర్‌లో మొదటి పేరు నాది రాసుకోండి.

బ్యాంకు కుర్రాళ్లు బదిలీ అయి వెళ్లారు. మేడ మీద రెండు గదులు, వంటగది, బాత్రూమ్, వీధి వైపు మెట్లు. ఆరువేలు. ఇద్దరైనా ముగ్గురైనా అదే. బోర్డు మళ్లీ కట్టాను, ఈసారి ఇంగ్లీషులో కూడా రాయించాను. అమ్మీ ఒక్కటే షరతు పెట్టింది: రంజాన్‌లో సహరీకి వాళ్లు పైన విడిగా వండుకోకూడదట, గిన్నె పట్టుకుని కిందకి రావాలట.